గంటత్త నిద్ర

మా మేనత్త ఆదివారం మధ్యాహ్నాలు కుర్చీలో నిద్రపోయి చాలామంది పిల్లల ఉద్యోగాలు నిలబెట్టింది. ఈ మాట వింటే మీకు నవ్వొస్తుంది. రానివ్వండి. నాకూ మొదట్లో నవ్వే వచ్చేది, ఆ తర్వాత ఒళ్ళు మండేది. ఇప్పుడు మాత్రం ఆవిడ నిద్ర గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఊరుకోను.

ఆవిడ మా నాన్నకు అక్క. నాకే కాదు, మా వీధి మొత్తానికి గంటత్త. మా బడిలో గంట కొట్టే ఉద్యోగం ఆవిడది. వరండా చివర దూలానికి కంచు గంట వేలాడేది. దాని కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. గంటకూ గంటకూ మధ్య చేతులు ఊరుకోక పంతుళ్ళ పేము కుర్చీలు బాగుచేసేది. చిరిగిన అల్లిక ఊడదీసి, సన్నటి పేము బద్దలు తొట్టెలో నానబెట్టి, చట్రం చిల్లుల్లోంచి లాగి మళ్ళీ అల్లేది. తరగతి గది కిటికీలోంచి చూస్తే ఆవిడ చేతులు, ఆ పైన ఎండ, ఇంకా పైన కదలకుండా గంట కనిపించేవి. లెక్కల పాఠంలో సగం నేను ఆ కిటికీలోనే గడిపాను. అందుకే నాకు లెక్కలు అంతంత మాత్రం.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. ఇచ్చిన పని అయిపోయినవాళ్ళు పెన్సిలు కింద పెట్టి, చేతులు కట్టుకుని, గంట కొట్టేదాకా కిక్కురుమనకుండా కూర్చోవాలి. ఇంకేం చేయమంటారని అడిగితే "నీకే వచ్చిందా తొందర?" అని హెడ్మాస్టరుగారు చెవి మెలిపెట్టేవారు. అలా బొమ్మల్లా కూర్చున్నవాళ్ళే మంచిపిల్లలు. నేను చాలా మంచిపిల్లవాణ్ణి.

చదువు కాగానే కళ్ళద్దాలు తయారుచేసే వర్క్‌షాపులో చేరాను. మొదటిరోజు యజమాని నాకొక ట్రే నిండా అద్దాలిచ్చి, తుడిచి జతలు పెట్టమన్నారు. పెట్టాను. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన అటుగా వెళ్తూ ఆగారు.

"ఏమయ్యా, నా మీద అలిగావా?"

"లేదు సార్."

"మరి చేతులు కట్టుకుని ఆ నిలబడ్డమేంటి?"

ఆయన తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి భోజనం డబ్బాలతో పెరట్లోకి వెళ్ళారు, నవ్వుకుంటూ తిరిగొచ్చారు. నేను నా బల్ల దగ్గరే ఉన్నాను. సానరాళ్ళ మోత కింద ఎక్కడైనా గంట వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాను.

సాయంత్రం అత్త నా భోజనం డబ్బా కడగబోయి మూత తీసింది. పొద్దున ఆవిడ సర్దింది సర్దినట్టే ఉంది.

"ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది."

"మరెందుకు తినలేదురా?"

"అక్కడ గంట కొట్టలేదత్తా."

అత్త డబ్బా పట్టుకుని అలాగే నేలమీద కూలబడిపోయింది. నేను కరువులోంచి వచ్చినవాడిలా ఉన్నాను కాబట్టి ఆ డబ్బా లాక్కుని తినేశాను. ఆవిడ ముఖం ఎలా ఉందో చూసే తీరిక నాకు లేదు.

ఆ తర్వాతే ఆవిడకు ఆ కల పట్టుకుంది. కలలో ఆవిడ ఎక్కడో కూర్చుని కుర్చీ అల్లుతూ ఉంటుంది. ఉన్నట్టుండి, సాయంత్రం గంట కొట్టలేదని గుర్తొస్తుంది. పరుగెత్తుకుంటూ బడికి వెళ్తుంది. వరండా నడిచేకొద్దీ సాగుతుంది. ప్రతి గదిలోనూ పిల్లలు చేతులు కట్టుకుని వరసల్లో కూర్చుని ఉంటారు. దగ్గరికి వెళ్ళి చూస్తే వాళ్ళు పిల్లలు కారు. నెరిసిన మీసాల పోస్టుమాను, బేకరీ ఆవిడ, మా నాన్న, అందరూ ఆ చిన్న బెంచీల్లో ఇరుక్కుని కూర్చుని ఉంటారు. ఎవరూ తిట్టరు. ఆవిడ వంక చూస్తారంతే. ఆవిడ గంట కొట్టే కొయ్యసుత్తి కోసం నేలంతా తడుముతుంది. దొరకదు.

"అందులో నేనూ ఉంటానా?" అని అడిగాను ఒకసారి.

"ఉంటావు. ఆకలితో ఉంటావు."

నేను నవ్వబోయి మానేశాను.

ఉద్యోగం నుంచి దిగిపోయాక అత్త సైకిళ్ళ రిపేరు కొట్టు పైన ఒక గది తీసుకుంది. బడిలో కరెంటు గంట పెట్టారు. తన గంట పోయిందని ఆవిడ ఏమీ బాధపడలేదు, పైగా "దాని పాపం దానిది" అంది. పాత కుర్చీలు తెప్పించుకుని అల్లిక పనికి కూర్చుంది. అప్పుడప్పుడూ బడి గేటు దగ్గర నిలబడి, ఆ ఏడాదితో చదువు ముగిసే పిల్లల్ని ఆపి, "ఆదివారం నా గదికి రండి, కుర్చీ అల్లడం నేర్పిస్తా" అనేది.

"కుర్చీలల్లుకుని బతకాలా మేము?" అని మూతి విరిచేవాళ్ళు. మూతి విరుస్తూనే వచ్చేవాళ్ళు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే తిట్లు తినాలి కదా.

అక్కడ ఆవిడ చేసేది ఇంతే. బద్దలు ఎలా నానబెట్టాలో, ఎలా లాగి బిగించాలో చూపించి, ఒక్కొక్కరికి ఒక్కో కుర్చీ ఇస్తుంది. అయ్యాక ఏం చేయాలో చెప్పదు. తను వాలుకుర్చీలో వెనక్కి చేరగిలబడి కళ్ళు మూసుకుంటుంది. గోడకు గడియారం ఉండదు. కిటికీలోంచి వచ్చిన ఎండ నేలమీద మెల్లగా పాకుతుంది. తొట్టెలో నీళ్ళు కదిలినప్పుడల్లా ఇంటికప్పు మీద వెలుగు వణుకుతుంది. కింద కొట్టులో ఎవరో సైకిలు చక్రాన్ని తిప్పి వదిలేస్తే అది టిక్కుటిక్కుమంటూ చాలాసేపు తిరిగి ఆగుతుంది. ఆ గదిలో కాసేపు కూర్చుంటే, బయట ఏ రోజో, తన వయసెంతో కూడా మరిచిపోతాడు మనిషి. పిల్లలు పని ముగించి చేతులు కట్టుకుంటారు. అత్త నిద్రపోతూనే ఉంటుంది. నిజానికి అది దొంగనిద్ర. ఎవరో ఒకరు లేచి, భయపడుతూ భయపడుతూ ఆవిడ భుజం తట్టి, "అత్తా, ఇది అయిపోయింది, ఇంకేం చేయను?" అని అడిగేదాకా ఆ కళ్ళు తెరుచుకోవు.

అడిగిన మరుక్షణం తెరుచుకుంటాయి. "అమ్మయ్య! నిద్రపోయీ పోయీ నడుం పట్టేసింది" అంటుంది. టీ ఇస్తుంది. తర్వాతి పని చూపిస్తుంది. వెళ్ళేటప్పుడు, "పన్లో చేరాక తెలియంది అడుగు, అయిపోతే చెప్పు, ఆకలేస్తే తిను" అంటుంది.

"ఈ మాత్రం దానికి ఇన్ని ఆదివారాలెందుకు? మొదటిరోజే చెప్పేయొచ్చుగా?" అని నేను దెప్పేవాణ్ణి.

"చెబితే చేతులు కట్టుకుని వింటారు" అనేది.

ఒకడు మాత్రం ఆవిడ కళ్ళు మూయగానే తనూ నేలమీద అడ్డంగా పడి గురకపెట్టాడు. సాయంత్రం అత్తే వాణ్ణి తట్టి లేపాల్సి వచ్చింది. వాడిప్పుడు పరుపుల దుకాణంలో ఉన్నాడు, బేరాలు బ్రహ్మాండంగా చేస్తాడట. ఎవరికి ఎక్కడ రాసిపెట్టి ఉందో ఎవరు చెప్పగలరు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వీధిలో మెట్ల కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడకు ఒక కూతురుంది. మాట బయటికి రాదు, వచ్చినా గాలిలో కలిసిపోతుంది. అందుకని బడిలో గుసగుస అని పేరు పెట్టారు. చదువు ముగిశాక నేనే మా యజమానితో చెప్పి వర్క్‌షాపులో చేర్పించాను. మొదటిరోజు నాకిచ్చినట్టే ఆ పిల్లకీ ట్రే ఇచ్చారు. ఒక్క మరక లేకుండా తుడిచింది. తుడిచి, చేతులు కట్టుకుంది. మధ్యాహ్నమైంది, సాయంత్రం కావస్తోంది, ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. నేను వెనక గదిలో సాన దగ్గరున్నాను, చూసుకోలేదు. యజమానికి కోపం నెత్తికెక్కింది.

"మీ బడివాళ్ళతో నా తల ప్రాణం తోకకొస్తోందయ్యా! కీ ఇస్తే ఆడే బొమ్మలు. రోజంతా ఒక్కొక్కరికీ కీ ఇస్తూ కూర్చోనా? వద్దు, పంపించేయ్."

బతిమాలాను. చివరికి, "సరే, వచ్చే నెల మొదటి సోమవారం తీసుకురా. ఆ రోజు కూడా ఇదే వరస అయితే ఇక నన్నడగొద్దు" అన్నారు.

ఆ పిల్లను ఇంటిదాకా దింపడానికి బయల్దేరాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సగం దారిలో ఆగి, నేను వంగితే తప్ప వినపడనంత మెల్లగా అంది.

"అన్నా, ఆ గోడ మీద చూశారా?"

"ఏ గోడ?"

"నేను తుడిచిన అద్దాల్లోంచి ఎండ పడి, గోడ మీద గుండ్రంగా వెలుగులు... ట్రే కదిపితే అవన్నీ కదిలాయి." గాల్లో చేయి తిప్పి చూపించింది. "నాకా పనే కావాలన్నా."

ఎన్నో ఏళ్ళుగా ఆ గదిలో ఉన్నాను. ఆ గోడ వంక నేనెప్పుడూ చూడలేదు. ఆ పిల్లను తిన్నగా అత్త దగ్గరికి తీసుకెళ్ళాను.

మొదటి ఆదివారం గుసగుస ఒక కుర్చీ అల్లి, చేతులు కట్టుకుని, దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుంది. కింద వీధిలోంచి తల్లి కేకేశాక లేచి వెళ్ళింది. రెండో ఆదివారమూ అంతే. అత్త వెళ్ళి ఆ తల్లితో, ఇక కేకేయొద్దని చెప్పింది.

"మా పిల్లకు నోట్లో నాలుక లేదమ్మా. మీరు నిద్రపోతా కూర్చుంటే అదేం నేర్చుకుంటుంది?" అంది ఆవిడ, ఇస్త్రీపెట్టె ఆపకుండానే.

ఆవిడన్నదాంట్లో తప్పేముంది? నేనూ అదే మాట అన్నాను. "దాని చెవిలో ఒక్క ముక్క వేస్తే నీ సొమ్మేం పోతుందత్తా? అక్కడ దాని ఉద్యోగం పోయేట్టుంది."

"నువ్వు వేయి. నేను కాదన్నానా?"

పంతానికి వెళ్ళి చెప్పాను. ఆదివారం అత్త అసలు నిద్రపోదనీ, లేపి అడగడమే పరీక్షనీ, అంతా విడమరిచి చెప్పాను. గుసగుస చక్కగా చేతులు కట్టుకుని విన్నది, బుద్ధిగా తలూపింది. ఆ ఆదివారం కూడా చీకటిపడేదాకా కదల్లేదు. అత్త నా వంక చూసింది. ఆ చూపుకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

యజమాని రమ్మన్న సోమవారానికి ముందు ఆదివారం వచ్చింది. పొద్దుట్నుంచీ సన్నగా జల్లు పడుతోంది. గది తడి పేము వాసన వేస్తోంది. ఆ పిల్ల ఒక్కతే ఉంది. నేను తెర వెనక పొయ్యి దగ్గర టీకి నీళ్ళు పెట్టి, మధ్యమధ్య తెర కొద్దిగా జరిపి చూస్తున్నాను. కుర్చీ ఎప్పుడో అయిపోయింది. గుసగుస చేతులు కట్టుకుని ఉంది. కిటికీ అద్దం మీద నీటిచుక్కలు జారుతున్నాయి, వాటి నీడలు ఆ పిల్ల ముఖం మీద జారుతున్నాయి. అత్త వాలుకుర్చీలో ఉంది.

కాసేపటికి నాకొక సంగతి అర్థమైంది. అత్త నిజంగానే నిద్రపోయింది. దొంగనిద్రలో ఆవిడ ముఖం ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని ఉంటుంది. ఇప్పుడు నోరు కొంచెం తెరుచుకుని, ముక్కులోంచి సన్నగా ఈల వస్తోంది. ముందురోజు రాత్రి ఈ పిల్ల గురించే బెంగపెట్టుకుని రెప్ప వాల్చి ఉండదు. ఇక ఈ ఆదివారం కూడా గంగలో కలిసినట్టేనని, నేనే వెళ్ళి లేపుదామని తెర పట్టుకున్నాను.

అప్పుడు అత్త కలవరించింది.

"గంట... గంట కొట్టలేదు..." చేయి కుర్చీ పక్కన నేలమీద తడుముతోంది. "పిల్లలు... అయ్యో, ఎంత పొద్దుపోయింది..."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తప్పిపోయిన పిల్ల గొంతులా ఉంది. తెర పట్టుకునే ఉండిపోయాను. గుసగుస చేతులు విడివడ్డాయి. లేచింది. బద్దల మీంచి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, వాలుకుర్చీ పక్కన కూర్చుని, తడుముతున్న ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అత్తా, లేవండత్తా."

గుసగుస కాదు, మాట. గది మొత్తానికి వినిపించింది.

"పిల్లలు..." అంది అత్త కళ్ళు మూసుకునే.

"పిల్లలందరూ ఇళ్ళకెళ్ళిపోయారత్తా."

అత్త కళ్ళు తెరిచింది. ఇంకా సగం ఆ బడిలోనే ఉంది. "ఎవరు పంపించారు?"

"ఎవరూ పంపలేదు. పొద్దుపోయిందని వాళ్ళే వెళ్ళారు." ఆ పిల్ల కిటికీ వైపు చూసింది. "నేను కూడా వెళ్తాను. అమ్మ ఎదురుచూస్తుంటుంది. ఈ కుర్చీ అయిపోయింది. ఆ మూల ఉన్న కుర్చీ రేపొచ్చి మొదలుపెడతా... అమ్మో, రేపు నాకు పనుంది కదూ. వచ్చే ఆదివారం చేస్తా."

ఇన్ని మాటలు ఆ పిల్ల నోట్లోంచి వస్తాయని నాకే కాదు, ఆ పిల్లకే తెలిసినట్టు లేదు. తన గొంతు తనే విని ఆగిపోయింది. అత్త మెచ్చుకోలేదు, నడుం పట్టేసిందని మామూలుగా వేసే హాస్యం కూడా వేయలేదు. చాలాసేపు ఆ పిల్ల చేయి వదల్లేదు.

"వెళ్ళమ్మా. మెట్లు తడిగా ఉంటాయి, జాగ్రత్త" అంది.

వెనక నా టీనీళ్ళు మరిగి మరిగి గిన్నె మాడిపోయింది. దానికి మాత్రం తిట్లు తిన్నాను.

సోమవారం గుసగుసకు మళ్ళీ అదే ట్రే ఇచ్చారు. ఈసారి నేను నా సానబల్లను వెనక గది తలుపు దగ్గరికి జరుపుకున్నాను. మా యజమానికి మధ్యాహ్నం తిన్న తర్వాత చెంప కింద చేయి పెట్టుకుని కునుకు తీసే అలవాటు. ఆ వేళలో ఆయన్ను లేపే ధైర్యం మాలో ఒక్కరికీ లేదు. పెద్ద బేరగాళ్ళు వచ్చినా బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళం. సరిగ్గా ఆ వేళకే గుసగుస ట్రే అయిపోయింది.

చివరి అద్దం జతలో పెట్టింది. బట్ట మడిచింది. ఆ తర్వాత చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఒక చేయి రెండో మోచేతిని పట్టుకుంది కూడా. సాన ఆపేశాను. దగ్గాను. ఆ పిల్ల నావైపు చూడలేదు, గోడమీది వెలుగులు చూస్తోంది. చూస్తూ చూస్తూ చేతులు కిందికి దించేసింది. ట్రే ఎత్తుకుని తిన్నగా యజమాని బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్. సార్, లేవండి."

వర్క్‌షాపులో ఒక్కొక్క సానే ఆగిపోయింది. ఆయన ఉలిక్కిపడి లేచారు. "ఏంటి? ఏమైంది? ఎక్కడైనా అంటుకుందా?"

"లేదు సార్. ఇవి అయిపోయాయి. ఇంకేం చేయమంటారు?"

ఆయన ఆ పిల్లను చూశారు, ట్రేను చూశారు. నోరు వెళ్ళబెట్టి నిలబడ్డ మా అందరినీ చూశారు. అరుస్తారనుకున్నాను. చెంపమీద పడిన వేళ్ళ అచ్చులు రుద్దుకున్నారు.

"ఇన్నేళ్ళలో నన్ను పని కోసం లేపింది నువ్వొక్కదానివేనమ్మా" అన్నారు. "ఇలా రా. కిటికీ దగ్గరికి."

ట్రేలోంచి ఒక అద్దం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు. "దీంట్లోంచి ఆ కిటికీ కమ్మీ చూడు. విరిగినట్టు కనిపిస్తోందా? ఇప్పుడు మెల్లగా జరుపు. అద్దంలో కనిపించే కమ్మీ, అద్దం బయట కనిపించే కమ్మీ ఒకే గీతలో కలిసేచోట ఆపు. అద్దం అడ్డం తిప్పి మళ్ళీ అలాగే చూడు. ఆ రెండు గీతలూ కలిసేచోటే అద్దానికి నడిమి. అక్కడ సిరాచుక్క పెట్టు."

గుసగుస ఒక కన్ను మూసి, ఎండలోకి అద్దం ఎత్తి పట్టుకుంది. చుక్క పెట్టింది. ఆయన పరీక్షగా చూసి ఇంకొకటి ఇచ్చారు. నేను సాన మళ్ళీ మొదలుపెట్టాను కానీ ఆ మధ్యాహ్నం నేను సానబట్టినవి ఒక్కటీ సరిగా రాలేదు. నాకు కళ్ళు మసకలు కమ్మితే నేనేం చేయను?

ఆ సాయంత్రం ఆగలేక సైకిళ్ళ కొట్టు మెట్లు రెండేసి ఎక్కి వెళ్ళి, అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అత్త అల్లిక ఒళ్ళో పెట్టుకుని విన్నది. "ఆయన్ని లేపేసిందా!" అని ఆ ఒక్క ముక్క నాతో మూడుసార్లు చెప్పించుకుంది. చెప్పిన ప్రతిసారీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరిసారి ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత చాలా రోజులకు, ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతుంటే, గుర్తొచ్చి అడిగాను. "అత్తా, ఆ కల మళ్ళీ వచ్చిందా?"

"మొన్న వచ్చింది."

"అయ్యో."

"అయ్యో ఏంటి? విను. బడికి పరుగెత్తాను. గదులన్నీ తిరిగాను. ఒక్కరూ లేరు. బెంచీల మీద సాయంకాలపు ఎండ పడుతోంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి."

"నేను కూడా లేనా?"

"నువ్వూ లేవు."

"మరి నువ్వేం చేశావు?"

అత్త టీ చివరి గుక్క తాగి గ్లాసు కిటికీలో పెట్టింది.

"ఏం చేస్తాను? నేనూ ఇంటికొచ్చేశాను" అంది.